తేటలో కడిగిన రాయి

మే పదిహేడు, శనివారం ఉదయం, ఆవులు మేతకు వెళ్లిన కాసేపటికి, ఉర్కియా పులిసిన తేట ఉన్న బకెట్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆరు పచ్చ స్ఫటికాలను బయటికి తీసింది. గురువారం వరకు అవి ఒక రాతిని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఇప్పుడు ఆమె అరచేతిలో విడివిడిగా ఉన్నాయి.

"బల్జాన్!" అని కేకేసింది. "పని ఆపి ఇటు రావే. ఒక సంగతి చూపిస్తా."

బల్జాన్ ఆమె కోడలు. కరాసు ఊరి బడిలో భూగోళం చెబుతుంది. పిండి పిసుకుతున్నదల్లా ఆ చేతులతోనే వచ్చి గడపలో నిలబడింది. అత్త అరచేతిలోకి చూసింది. తర్వాత బకెట్‌లోకి చూసింది. పెరుగు వడగట్టి, ఎండబెట్టి తినే కుర్త్ ఉండలు చుట్టగా మిగిలిన తేట అది. పైన నురగ తేలుతోంది.

"ఎట్లా మెరుస్తున్నాయో చూడు," అంది ఉర్కియా. "మా అమ్మ వెండి సామానంతా ఇట్లాగే కడిగేది. రెండు రాత్రులు తేటలో నానితే ఎంత మొండి మురికైనా వదలాల్సిందే. వదలనిది అల్లిక సూదితో గీకేశా."

"ఇవి రబిగా అపా రాయివి కదూ?"

"మరెవరివి? మనింట్లో పచ్చ రాళ్లెక్కడివి?"

"ఎందుకు కడిగారు, అపా?"

పెద్ద ఆడవాళ్లను అపా అని పిలవడం ఆ ఊరి మర్యాద. బల్జాన్ ఆ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లు. అత్తను ప్రశ్న అడగడం దాకానే ఆమెకు అలవాటు. జవాబు నచ్చకపోయినా అక్కడితో ఆగాలి.

"ఎందుకేంటే? ఎరువు తెచ్చుకున్న వస్తువును మురికితో తిరిగి పంపుతామా? సోమవారం పట్నం నుంచి మ్యూజియం వాళ్లొస్తారట. ఉర్కియా ఇంటికెళ్లిన రాయి ఒళ్లంతా సున్నం పూసుకుని వచ్చిందని నలుగురూ అనుకోవాలా? నీ బడి గొడవలో నీకు తీరిక లేదు. నేనున్నా కాబట్టి సరిపోయింది."

బల్జాన్ "మంచిది, అపా" అంది. అనక తప్పదు. వంటింట్లోకి వెళ్లి, పిండి ముద్దను ఎత్తి బల్ల మీద కొట్టింది. మళ్లీ ఎత్తి మళ్లీ కొట్టింది. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. దుత్త అందుబాటులో లేదు.

"బాగా కొట్టు," అని బయటి నుంచి ఉర్కియా అరిచింది. "రొట్టె మెత్తగా వస్తుంది."

ఆ రాయి రబిగాది. సరిగ్గా చెప్పాలంటే ఆమె భర్త యెసిమ్‌ది. యెసిమ్ రాగి కోసం వెతికే సర్వే దళంలో పనిచేశాడు. అల్తిన్‌తోబె గుట్ట మీద సున్నపురాతి పగులులో ఆ పచ్చ స్ఫటికాల గుత్తి అతనికే కనబడింది. పిడికిలంత రాయి, దాని ఒక ముఖం మీద ఆరు స్ఫటికాలు, వేలిగోరంతవి. పట్నం మ్యూజియంలో ఆ గుట్ట రాళ్లకు ఒక అద్దాల అల్మరా ఉంది. అందులో ప్రతి రాయి కిందా ఒకే పేరు ఉంటుంది: దళనాయకుడి పేరు. యెసిమ్ ఉన్నంత కాలం ఆ సంగతి ఎత్తలేదు. అతను పోయాక రబిగా ఎత్తింది. ఏళ్ల తరబడి అడిగింది. మ్యూజియంలో మనుషులు మారారు, జవాబు మారలేదు. ఈ వసంతంలో కొత్తగా వచ్చిన ఇల్యాస్ అనే ఉద్యోగి సరేనన్నాడు. రాయి దాని మూల శిల మీదే ఉంటే, అది అల్తిన్‌తోబెదే అని తేలితే, అల్మరాలో పెడతామని, కింద యెసిమ్ పేరు రాస్తామని చెప్పాడు. సోమవారం తానే వచ్చి తీసుకెళతానన్నాడు.

మధ్యలో బల్జాన్ వెళ్లి ఆ రాయిని పాఠం కోసం అడిగింది. రబిగా ముందు వద్దంది. తర్వాత, "పిల్లలు చూడనీ. పట్నం వెళ్లాక మనూరి పిల్లలు ఎప్పుడు చూస్తారు?" అని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. ఎవరి చేతికీ ఇవ్వనని, శనివారం తిరిగి తెస్తానని బల్జాన్ మాట ఇచ్చింది.

గురువారం ఆరో తరగతి పాఠం బాగా జరిగింది. బల్ల మీద రైలు కట్ట దగ్గర ఏరిన గ్రానైట్ ముక్క, ఉప్పు గడ్డ, యెసిమ్ రాయి పెట్టింది. శిలకూ ఖనిజానికీ తేడా ఏమిటని అడిగితే ఎవరూ నోరు తెరవలేదు. "ఇంట్లో పులావ్ చేస్తారు కదా," అంది. "బియ్యం వేరు, క్యారెట్ వేరు, మాంసం వేరు. ఒక్కోటి ఒక్కో ఖనిజం అనుకోండి. అన్నీ కలిసి ఉడికితే పులావ్. అది శిల. ఒక్క బియ్యమే వండుకుంటే అదీ తిండే. అట్లా ఒకే ఖనిజంతో అయిన శిలలూ ఉంటాయి. సున్నపురాయి అట్లాంటిదే."

"మరి రత్నం, అపాయ్?" అని వెనక బెంచీ నుంచి ఒక పిల్ల టీచర్‌ను అడిగింది.

"నువ్వే చెప్పు."

"మా నాన్న ముందే ఏరుకుని తినేసే మాంసం ముక్క."

తరగతి అంతా నవ్వింది. బల్జాన్ కాదనలేదు. మనుషులు కోరుకున్న ఖనిజమే రత్నం, అందంగా ఉండాలి, అరగకుండా ఉండాలి, ఎక్కడపడితే అక్కడ దొరకకూడదు అని చెప్పింది. ఈ పచ్చ స్ఫటికాన్ని రెండు వందల ఏళ్ల కిందట ఒక వ్యాపారి మరకతం అనుకున్నాడని, పరీక్షిస్తే లోపల రాగి ఉందని, మరకతంలో రాగి ఉండదని, అది అప్పటికి ఎవరికీ తెలియని ఖనిజమని, దాని పేరు డయోప్టేజ్ అని చెప్పింది. మరకతం మీద చాకు గీత పడదు, దీని మీద పడుతుంది, అందుకే ఉంగరానికి పనికిరాదు అంది. చివర ఒక సున్నపు గులకరాయి మీద వెనిగర్ చుక్క వేసింది. బుసబుసమని పొంగింది. "సున్నపురాయికి పులుపంటే పడదు. పులుపు దాన్ని తినేస్తుంది."

ఆ సాయంత్రం పెట్టెను బీరువా మీద పెట్టింది. శుక్రవారమంతా బడిలో పరీక్ష పేపర్లతో సరిపోయింది. పెట్టె ఖాళీదని ఆమెకు తెలియదు.

శనివారం రొట్టెలు పొయ్యిలో పెట్టి బయటికి వచ్చింది. ఉర్కియా కుర్త్ ఉండలను కొట్టం కప్పు మీద ఆరబెడుతోంది.

"అపా, స్ఫటికాలు ఊడగా మిగిలిన రాయి ఏది?"

"ఆ గడ్డా? పారేశా." ఉర్కియా గడ్డంతో దారి వైపు చూపించింది. "అక్కడెక్కడో."

కిందటి శరదృతువులో బురద పడకుండా బల్జాన్ భర్త సబిత్ ఇంటి ముందు దారి పొడుగునా గులకరాయి పోయించాడు. రెండు ట్రాలీల రాయి. అల్తిన్‌తోబె గుట్ట కింద తవ్విన సున్నపురాయే. బల్జాన్ మోకాళ్ల మీద కూర్చుని పిడికిలంత రాళ్లను ఒక్కొక్కటే ఎత్తి తిప్పి చూడసాగింది. తేటలో నానిన రాయి తడిగా ఉండాలి. కానీ ఉదయం ఎండకు అన్నీ ఆరిపోయి ఉన్నాయి. సూది గీకిన చోట కొంచెం నున్నబడి ఉండాలి. లారీ చక్రాలకు సగం రాళ్లు నున్నబడి ఉన్నాయి. వెనిగర్ సీసా తెచ్చి చుక్కలు వేసింది. ప్రతి రాయీ పొంగింది. గురువారం పిల్లలకు చూపించిన పరీక్షే అది. సున్నపురాయో కాదో చెబుతుంది. ఏ సున్నపురాయో చెప్పదు.

"ఏం వెతుకుతున్నావే?" అంది ఉర్కియా కప్పు మీద నుంచి.

రాయి అంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే డెబ్బై ఆరేళ్ల మనిషి ముఖం మీద తప్పు నీదే అన్నట్టు. కక్కలేక మింగలేక బల్జాన్ నోటికొచ్చింది అనేసింది.

"చెవిపోగు పడిపోయింది, అపా."

"రెండూ చెవులకే ఉన్నాయి కదే."

"వేరే జత."

ఉర్కియా నిచ్చెన దిగింది. స్కార్ఫు బిగించి కట్టుకుని, తనూ మోకాళ్ల మీద కూర్చుంది. "నాలుగు కళ్లు మేలు," అంది. రాళ్లు ఎత్తి పక్కకు విసరడం మొదలుపెట్టింది. బల్జాన్ విడిగా పెట్టుకున్న మూడు రాళ్లను కూడా ఎత్తి విసిరింది.

"అవి ఉండనివ్వండి, అపా!"

"రాళ్లే కదే! నీకు చెవిపోగు కావాలా, రాళ్లు కావాలా?"

సబిత్ ట్రాక్టర్ రిపేరు చేసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తల్లి, భార్య దారి మీద పాకుతుంటే చూసి నిలబడ్డాడు. తల్లి చెప్పింది, చెవిపోగు అని. భార్య కళ్లతో ఏదో చెప్పింది. అతనికి అర్థం కాలేదు.

"ఏ చెవిపోగు? నేను కొనిచ్చిందా?" అన్నాడు.

"నువ్వు ఎప్పుడు కొనిచ్చావు?" అంది బల్జాన్.

తర్వాత కొట్టం వెనక అతనికి అసలు సంగతి చెప్పింది. సబిత్ విన్నాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అమ్మతో చెప్పు మరి."

"నువ్వు చెప్పు. నీ అమ్మ."

"నేనా? పోయినేడు టీ నీళ్లు కాచే పాత సమోవార్ కారుతోందన్నందుకు నాతో వారం మాట్లాడలేదు."

"సబిత్, ఆ రాయి లేకపోతే యెసిమ్ గారి పేరు అల్మరాలో ఉండదు."

"అందుకే అంటున్నా, నువ్వే చెప్పు. నువ్వు టీచర్‌వి. విడమరిచి చెప్పగలవు."

"నేను కోడల్ని," అంది బల్జాన్. అక్కడితో ఆ మాట ముగిసింది.

మధ్యాహ్నం ఉర్కియా చెక్క గిన్నె ఒకటి తీసింది. ఇరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఆమె దృష్టిలో రాయి ఉన్న అట్టపెట్టెకూ అదే నియమం. గిన్నె నిండా కుర్త్ ఉండలు, ఎండు ద్రాక్ష, కాగితం చుట్టిన మిఠాయిలు పోసి, మధ్యలో గుడ్డ పరిచి ఆరు స్ఫటికాలనూ పేర్చింది.

"ఎట్లా కడిగానో సోమవారం నేనే వచ్చి చెబుతానని చెప్పు. పట్నం వాళ్లకూ పనికొస్తుంది."

రబిగా ఇల్లు ఊరి రెండో కొసన ఉంది. ఆమె తలుపు తీసి, మిఠాయిలు చూసి ముందు నవ్వింది. తర్వాత గుడ్డ చూసింది. గిన్నెను బల్ల మీద పెట్టి, తనూ కూర్చుంది. చాలాసేపు ముట్టుకోలేదు.

"నేనే కడిగాను, అపా," అంది బల్జాన్. "మురికి పోతుందనుకున్నా. తప్పు నాది."

రబిగా ఒక స్ఫటికాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొసలు మసకబారి ఉన్నాయి.

"తేట వాసన," అంది. "ఏ పులుపు ఏ రాతిని తింటుందో పిల్లలకు చెప్పేదానివి. నువ్వు తేటలో వేస్తావా?"

బల్జాన్ గిన్నెలో మిఠాయిలు సర్దసాగింది.

"ఉర్కియా అపా కదూ? వద్దు, చెప్పకు. నువ్వు చెప్పకపోతే నేను విననట్టే." రబిగా స్ఫటికాన్ని కింద పెట్టింది. "ముప్పై ఏళ్లు దాని మీద దుమ్ము కూడా దులపలేదు నేను. ఆయన వద్దన్నాడు. చేత్తో తాకితే అరిగిపోతుందన్నాడు. ఇప్పుడు ఎవరి మీద అరవమంటావు? నీ మీద అరిస్తే నీ తప్పు లేదు. ఆమె మీద అరవనా? ఆయన పోయినప్పుడు నలభై రోజులూ మా పొయ్యి దగ్గర నిలబడి రొట్టె కాల్చింది ఆమే."

"అబద్ధం చెప్పినందుకు నన్నే తిట్టండి."

"తిడతాలే. ముందు ఆ గడ్డ దొరికిందా?"

"లేదు. దారంతా అదే రాయి."

"మ్యూజియం అబ్బాయికి ఫోన్ చెయ్యనా వద్దా?" అని రబిగా తనను తనే అడిగింది. తనే జవాబు చెప్పుకుంది. "చెబితే రాడు. రానీ. కళ్లతో చూస్తే మనసు మారుతుందేమో. ఒక్కటి మాత్రం. సోమవారం మీ అత్త ఇక్కడ ఉండకూడదు. ఆ కుర్రాడు నోరు జారితే ఆమె తల ఎత్తుకోలేదు."

ఆదివారం ఉదయం బల్జాన్ మళ్లీ దారి మీదికి వెళ్లబోయింది. రాళ్లన్నీ కుప్పలుగా, గుంటలుగా ఉన్నాయి. ఆమె సగం వెతకక ముందే ఉర్కియా కొడుకును పిలిచింది.

"ఒక్క చెవిపోగు కోసం ఇంటి ముందు దున్నిపెట్టారు. రేపు పట్నం కారు ఈ దారినే పోతుంది. చదును చెయ్యి."

సబిత్ భార్య వైపు చూశాడు. భార్య అత్త వైపు చూసింది. ఉర్కియా అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. సబిత్ ట్రాక్టర్ ఎక్కాడు. రెండు సార్లు ముందుకు, రెండు సార్లు వెనక్కి నడిపాడు. దారి చదునైంది.

సోమవారం ఉదయం తల్లిని పక్క ఊళ్లో బంధువుల ఇంటికి కారులో తీసుకెళ్లే పని సబిత్‌కు అప్పగించారు. కారు స్టార్టు చేసి హారన్ కొట్టాడు. లోపల ఎవరూ లేరు. ఉర్కియా వెల్వెట్ కోటు తొడుక్కుని అప్పటికే రబిగా ఇంటికి నడిచి వెళ్లిపోయింది. బల్జాన్ రెండు పీరియడ్లు ముగించుకుని అక్కడికి చేరేసరికి అత్త గది పైకొసన, పెద్దల చోట, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇల్యాస్ ఆమె పక్కనే ఉన్నాడు. ఇరవై ఏడేళ్ల మనిషి. ఉప్పేసిన పాల టీ మూడో గిన్నె తాగుతున్నాడు. రబిగా పోస్తోంది. స్ఫటికాల గుడ్డ ఇంకా విప్పలేదు.

"మా కోడలు," అని ఉర్కియా పరిచయం చేసింది. "రాయి దీని బడికే వెళ్లింది. కానీ దాని సంగతి చూసుకుంది నేను."

ఇల్యాస్ నవ్వి గిన్నె బోర్లించాడు. "అయితే చూపించండి, అపా."

రబిగా గుడ్డ విప్పింది. ఇల్యాస్ జేబులోంచి భూతద్దం తీశాడు. ఒక్కొక్కటే చూశాడు. తర్వాత గుడ్డ ఎత్తి దాని కింద చూశాడు.

"స్ఫటికాలు మంచివే," అన్నాడు. "రాయి ఏది?"

"అదే కదా నాయనా చేతిలో ఉన్నది," అంది ఉర్కియా.

"ఇది ఖనిజం, అపా. ఇది దేని మీద పెరిగిందో ఆ శిల ఏదని."

"ఆ సున్నమా? అంతా గీకేశా. రెండు రాత్రులు పట్టింది."

రబిగా టీ కెటిల్ తీసుకుని లేచింది. "ఇంకో గిన్నె పోయనా, ఇల్యాస్?" అంది. అతను వినిపించుకోలేదు. నోరు జారడం కాదు. తన పని గురించి అడిగినప్పుడు జవాబిచ్చే మనిషి అతను.

"అది మురికి కాదు, అపా. అదే సాక్షి. ఈ స్ఫటికాలు ఆఫ్రికా నుంచి కూడా వస్తాయి, బజారులో అమ్ముతారు. విడిగా ఉంటే ఎక్కడివో కమిటీకి రుజువు చెయ్యలేను. సున్నపురాయి ఉంటే కొంచెం కోసి పరీక్షించి, అల్తిన్‌తోబెదని రాసేవాళ్లం."

"పిల్లలు ఫోటోలు తీశారు," అంది బల్జాన్. ఫోన్ చూపించింది. "ఇదిగో, గురువారం. రాతి మీదే ఉన్నాయి."

ఇల్యాస్ ఫోటోను పెద్దది చేసి చూశాడు. "రాయి కనిపిస్తోంది. ఏ గుట్ట రాయో కనిపించదు కదా."

"అది లేకపోతే?" అంది ఉర్కియా.

"అద్దాల అల్మరాలో పెట్టలేం."

"యెసిమ్ పేరు?"

"అల్మరాలో ఉన్నవాటికే బోర్డు మీద పేరు."

ఉర్కియా దిండు నుంచి వీపు ఎత్తింది. "రబిగా, ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

రబిగా కెటిల్ మూత సర్దింది.

"బల్జాన్, నీకు?"

"శనివారం నుంచి తెలుసు, అపా."

"మరి చెవిపోగు?"

"చెవిపోగు పోలేదు."

"రాయి కోసం వెతికావు. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని పాకించావు." ఉర్కియా గొంతు పెరగలేదు. "ఎక్కడ పారేశారని అడిగావు. ఎక్కడో అన్నాను. ఎందుకడుగుతున్నావో చెప్పి ఉంటే నడిచి వెళ్లి చేతికిచ్చేదాన్ని. గేటు స్తంభం పక్కన గుంట ఉంది చూడు, అందులో నేనే కాలితో నొక్కాను. గుంట పూడుతుందని."

రబిగా కెటిల్ కింద పెట్టింది.

"నిన్న దాని మీదే ట్రాక్టర్ నడిపించాను. నువ్వు అక్కడే నిలబడి చూశావు."

"మిమ్మల్ని బాధపెట్టకూడదని..." అంది బల్జాన్.

"పెద్దదాన్ని చేశారా, పసిపిల్లను చేశారా మీరు నన్ను?" ఆమె లేచింది. రబిగా చెయ్యి అందించబోతే తీసుకోలేదు. "యెసిమ్‌కు నా చేత్తో రొట్టె కాల్చాను. అతని పేరు నా చేత్తోనే చెరిపించారు. పద, చూద్దాం."

నలుగురూ ఇల్యాస్ కారులో వెళ్లారు. సబిత్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లి కోసం ఊరంతా తిరిగొచ్చాడు. ఉర్కియా అతనితో ఒక్క మాటా అనకుండా స్తంభం దగ్గరికి వెళ్లి వేలితో చూపించింది. చక్రపు జాడ సరిగ్గా గుంట మీదుగా పోయింది. గుంటలో తెల్లటి పొడి, ముక్కలు ఉన్నాయి. ఇల్యాస్ మోకరిల్లి ముక్కలు ఏరాడు. భూతద్దంతో చూశాడు. ఏ ముక్క మీదా పచ్చ చుక్క లేదు. స్ఫటికం మొదలును ముక్కకు ఆనించి చూశాడు. తేట మధ్యలో ఉన్నదాన్ని తినేసింది. అతికే అంచు లేదు.

"పక్కవి కూడా ఇందులో కలిశాయి," అన్నాడు. "ఇవన్నీ అదే గుట్టవి. ఏది దేనిదో ఎవరూ చెప్పలేరు."

"అదే గుట్టవైతే ఇంకేం? ఒకటి తీసుకెళ్లు," అంది ఉర్కియా. "చూసిందెవరు?"

"నేను చూశాను, అపా."

ఉర్కియా అతని వైపు తిరిగింది. "నువ్వొక్కడివే ఈ ఊళ్లో ఉన్నది ఉన్నట్టు చెప్పావు. అదీ పని చెడ్డాక."

స్ఫటికాలను చదువుకునేవాళ్ల కోసం ఉంచే గదిలో పెడతానని ఇల్యాస్ అన్నాడు. ఇష్టం లేకపోతే ఇక్కడే ఉంచుకోవచ్చన్నాడు. రబిగా గేటు పట్టుకుని నిలబడింది.

"చీటీ మీద పేరు రాస్తారా?"

"చీటీ మీద రాస్తాం. గది సందర్శకులకు తెరవం."

"అల్మరాలో పెడతారనుకుని ముప్పై ఏళ్లు దాచాను," అంది రబిగా. గేటు వదిలింది. "తీసుకెళ్లు."

కారు వెళ్లాక రబిగా టీకి ఆగలేదు. ఇంటికి నడిచి వెళ్లింది. సబిత్ తోడు వస్తానంటే వద్దంది. ఉర్కియా గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంది. బల్జాన్ వంగి సాయం చెయ్యబోతే కాలు వెనక్కి తీసుకుంది.

"ఇంకేం దాచావు నా దగ్గర?"

"ఏమీ లేదు, అపా."

"మళ్లీ అదే."

బల్జాన్ నిటారుగా నిలబడింది. "టీలో ఉప్పు ఎక్కువేస్తారు. తొమ్మిదేళ్లుగా. పిల్లలు కూడా తాగలేక కుక్కకు పోస్తున్నారు."

"సబిత్?"

"వాడూ పోస్తాడు," అన్నాడు సబిత్, తన గురించే, గేటు దగ్గర నుంచి.

ఉర్కియా రెండో బూటు విప్పింది. "రేపటి నుంచి నువ్వే కాచు," అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రాత్రి భోజనానికి రాలేదు. మర్నాడు ఉదయం, ఎవరికీ చెప్పకుండా, రబిగా ఇంటికి వెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో బల్జాన్‌కు ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరులో బల్జాన్ ఆరో తరగతి పిల్లలను మ్యూజియానికి తీసుకెళ్లింది. ఇల్యాస్ అనుమతి తీసుకుని ఆమెను ఒక్కదాన్నే రెండో అంతస్తు గదిలోకి రానిచ్చాడు. ఆరు స్ఫటికాలు డ్రాయరులో, దూది మీద ఉన్నాయి. చీటీ మీద ఖనిజం పేరు ఉంది. కనుగొన్నవారు అన్న చోట యెసిమ్ పేరు ఉంది. దొరికిన చోటు అన్న గడిలో "నిర్ధారణ కాలేదు" అని ఉంది.